ఫోటోకి పిలుపు

ఆదివారం

దిగాం. సామాన్లన్నీ వచ్చాయి.

గదిలో అడుగుపెట్టి పుస్తకం బయటికి తీయగానే మా ఆవిడ చూసింది. "ఇక్కడ కూడా పద్దులు మొదలెట్టారో, ఆ పుస్తకం కిటికీలోంచి బయటికే" అంది. ఈ హోటల్లో కిటికీలు తెరుచుకోవు, అన్నీ బిగించేసిన అద్దాలే. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. కొట్టు తెరిచిన నాటి నుంచీ రోజూ నాలుగు అంకెలు రాయనిదే నాకు నిద్ర పట్టదు. మేకులు, రంగుడబ్బాలు, కుళాయిలు, ఎవరు ఏం పట్టుకెళ్ళారు, అంతే నా రాత. అంకెలు వద్దంటే మాటలు రాస్తాను. ఏది ఎంతకు కొన్నామో మాత్రం రాయను. మాటంటే మాటే.

వదిన కూడా వచ్చింది. తన అక్క వస్తోందని విమానాశ్రయం దాకా మా ఆవిడకు తెలియదు. చెల్లెలు వస్తోందని వదినకూ తెలియదు. అంతా మా అమ్మాయి పని. టికెట్ల ఆఫీసులో ఉద్యోగం చేస్తే ఇలాంటివి చేతనవుతాయి కాబోలు. ఇద్దరూ వరసలో ఎదురుపడేసరికి ఇద్దరి పెట్టెలూ యంత్రంలోకి వెళ్ళిపోయాయి. వెనక్కి తిరగడానికి లేదు.

నాకు ముందే తెలుసు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

"పెద్దమ్మ వచ్చే నెల ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది నాన్నా. అంత దూరం వెళ్ళాక ఇంక మాటలేంటి? ఈ వారంలోనే జరగాలి. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫోటో ఒక్కటి చాలు నాకు" అంది అమ్మాయి, మెట్లు ఎక్కుతూ.

ఫోటో అనకుండా ఉండాల్సింది. గొడవంతా ఫోటోతోనే మొదలైంది.

సోమవారం

రాజుగారి భవనం చూశాం. గదులు చాలా ఉన్నాయి. తలుపుల బందులన్నీ ఇత్తడివి, ఒక్కటీ కిర్రుమనలేదు. అందరూ పైకప్పు మీది బొమ్మలు చూస్తుంటే నేను బందులు చూశాను.

పొద్దున ఫలహారం దగ్గర మొదలైంది నా ఉద్యోగం.

"ఏమండీ, రాత్రి గోడ అవతల నుంచి ఏదో రంపం కోత వినిపించింది. ఆవిడకి చెప్పండి, కాస్త పక్కకి తిరిగి పడుకోమని."

వదిన మా బల్లకే అటు చివర కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంటోంది. చెవులు బాగానే పనిచేస్తాయి. అయినా నా వైపే చూసింది, నేను చెబితేనే విన్నట్టు.

"కొత్త చోటు కదా, నిద్ర పట్టిందా అని అడుగుతోంది వదినా" అన్నాను.

"పట్టిందని చెప్పండి మరిదిగారూ. కొందరు పొద్దున్నే స్నానాలగదిలో బకెట్లు బాదకపోతే ఇంకాసేపు పట్టేదని కూడా చెప్పండి."

"బాగా పట్టిందట" అన్నాను మా ఆవిడతో.

ఉన్నది ఉన్నట్టు ఏనాడూ మొయ్యను. కొట్లో రంగు చిక్కగా ఉంటే కాస్త నూనె కలిపి పల్చన చేసి ఇస్తాం కదా, ఇదీ అంతే. వదిన కూతురి పెళ్ళి నాటి నుంచీ ఇదే పని. ఆ రోజు వేదిక మీద ఇంటివాళ్ళందర్నీ నిలబెట్టి ఫోటో తీశారు. మా ఆవిడ వెనకాల వంటల దగ్గర ఉంది. ఎవరూ పిలవలేదు. తర్వాత "నన్ను పిలవలేదేం అక్కా" అని అడిగింది. "పిలవకపోతే రాకూడదా? పరాయిదానివా?" అంది వదిన. "పరాయిదాన్నే" అంది మా ఆవిడ. అయిపోయింది. ఆనాటి పెళ్ళికూతురికి ఇప్పుడు బడికెళ్ళే కొడుకున్నాడు. వీధికి ఈ చివర మేము, ఆ చివర వదిన. కూరగాయల బండి ఆగితే ఒకరు లోపలికి వెళ్ళేదాకా ఇంకొకరు గుమ్మం దిగరు.

"వెళ్తే వెళ్ళనీ. వీధికి పీడా పోతుంది" అంటుంది మా ఆవిడ. సాయంత్రం మాత్రం, "అంత పెద్ద బీరువా ఆ మెట్లమీంచి ఎలా దింపిస్తుందట?" అని అడిగింది. ఎవరిదని అడగలేదు నేను.

మంగళవారం

పెద్ద చక్రం ఎక్కడానికి వెళ్ళాం. నదిలోకి వంగినట్టు నిలబెట్టారు. ఒక్కో అద్దాల గదిలోకి ఇద్దర్నే పంపుతున్నారు. వరసలో ముందు వదిన, తర్వాత అమ్మాయి, నేను, చివర మా ఆవిడ. ఆ దూరం మా ఆవిడే కొలిచి పెట్టింది.

అమ్మాయి ఏదో చెప్పులు సరిచేసుకుంటున్నట్టు వంగింది. వెనక నుంచి జనం తోశారు. తలుపు దగ్గరి ఉద్యోగి చేతికి దొరికిన ఇద్దర్నీ లోపలికి పంపి గడియ వేసేశాడు. చూస్తే లోపల అక్కాచెల్లెళ్ళు.

అమ్మాయి చప్పట్లు కొట్టింది.

"నువ్వు కావాలనే వంగావు."

"చెప్పు ఊడింది నాన్నా!"

దాని కాళ్ళకున్నవి బూట్లు.

ఆ గది మెల్లగా పైకి వెళ్ళింది. వదిన అటు తిరిగి నది చూస్తోంది, మా ఆవిడ ఇటు తిరిగి ఊరు చూస్తోంది. మధ్యలో ఇంకో కుటుంబం పట్టేంత ఖాళీ. పైకి వెళ్ళాక ఏమీ కనిపించలేదు, అద్దం మీద ఎండ పడి మెరిసింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నిలబడింది, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు. కిందికి వచ్చేటప్పుడూ అదే భంగిమ, అదే ఖాళీ.

దిగగానే మా ఆవిడ నా దగ్గరికొచ్చి, "ఏమండీ, పైన చలిగా ఉంది, శాలువా సరిగ్గా కప్పుకోమని ఆవిడకి చెప్పండి" అంది.

"పైన ఇద్దరే ఉన్నారుగా, నువ్వే చెప్పలేకపోయావా?"

"మీరేరి అక్కడ?"

అదీ నిజమే.

అయితే ఒకటి. అందులో నేను పల్చన చెయ్యాల్సిందేమీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వదిన శాలువా సర్దుకుంటూ, "మోకాలు పట్టుకుని దిగిందేం? నొప్పా?" అంది. అదీ ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఇలాంటి రోజు ఎప్పుడూ లేదు. కొంచెం భయం వేసింది.

బుధవారం

వాన. ఎవరి గదుల్లో వాళ్ళు.

వదిన నొప్పుల మందు సీసా పంపింది. మా ఆవిడ మూత తీసి వాసన చూసి, "పాతది" అంది. రాసుకుంది.

గురువారం

ఇవాళ్టి సంగతి వివరంగా రాయాలి.

కొన్నవి పెట్టెల్లో పట్టడం లేదు. వానకు బయటికి వెళ్ళలేదనుకున్నాను గానీ, హోటల్ కిందనే అంగళ్ళున్నాయని నాకు తెలియదు. దుప్పట్లు, గొడుగులు, గాజు బొమ్మలు, ఎవరో చుట్టాలబ్బాయికి రైలుబండి. కాబట్టి ఇంకో పెట్టె కొనాలి. పెట్టెలన్నీ ఒకే వీధిలో ఉంటాయని అమ్మాయి తీసుకెళ్ళింది.

మా మామగారిది గిన్నెల కొట్టు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ గల్లాపెట్టె వెనక కూర్చుని పెరిగారు. బేరం కుదరక వెళ్ళిపోయే మనిషిని ఎప్పుడు వెనక్కి పిలవాలో మామగారికి తెలుసు; గడప దాటాక కాదు, గడప మీద కాలు పెట్టినప్పుడు. అది చూసి చూసి ఇద్దరూ అవతలి పక్షం నుంచి ఒక ఆట కట్టారు. పెద్దది వస్తువుకు వంకలు పెట్టి లేచి గడప దాకా వెళ్తుంది. చిన్నది వస్తువును వదలకుండా మొహం దీనంగా పెడుతుంది. కొట్టువాడికి ఎవరి వైపు చూడాలో తెలియదు. మా పెళ్ళికి ముందు నాకు చొక్కా గుడ్డ అలాగే కొన్నారు. నేను ఒక మూల నిలబడి ఆ కొట్టువాణ్ణి చూసి జాలిపడ్డాను.

మాటలు ఆగిపోయాక ఆ ఆటా ఆగిపోయింది. ఇద్దరూ విడివిడిగా కొని విడివిడిగా మోసపోతున్నారు. ఇది నా అభిప్రాయం. ఎవరికీ చెప్పలేదు.

పెట్టెల కొట్లో వదిన ఒక నీలంరంగు పెట్టె చూసింది. మా ఆవిడ అవతలి గోడ దగ్గర తోలుసంచులు చూస్తోంది. కొట్టువాడు కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని ఏదో రాసుకుంటున్నాడు. ధర చీటీ మీద ఉంది, తగ్గించేది లేదని గోడ మీద బోర్డు కూడా ఉంది.

"బోర్డుదేముంది, మా నాన్న కొట్లోనూ ఉండేది" అంది వదిన. "మరిదిగారూ, నేను వద్దని వెళ్తాను. మీరు ఈ పెట్టె మీద చెయ్యేసి, మనసుపడ్డట్టు మొహం పెట్టండి."

పెట్టాను.

"ఇదా మనసుపడ్డ మొహం?"

"నాన్నా, పంటినొప్పి అనుకుంటాడు" అంది అమ్మాయి.

వదిన వెళ్ళింది. అక్కడ వచ్చింది చిక్కు. ఆ కొట్టుకు గడప లేదు. అద్దాల తలుపు, మనిషి దగ్గరికి రాగానే దానంతటదే తెరుచుకుంటుంది. వదిన గడప అనుకున్న చోట ఆగింది. తలుపు తెరుచుకుంది. ఒకడుగు వెనక్కి వేసింది. మూసుకుంది. ఆగి చూద్దామని మళ్ళీ కాస్త ముందుకు వంగింది. తెరుచుకుంది. చలిగాలి రివ్వున లోపలికి కొట్టింది. కొట్టువాడు కళ్ళజోడు దించి చూశాడు. పాపం, తలుపు చెడిపోయిందనుకున్నాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

తలుపు ఇంకోసారి తెరుచుకునేసరికి మా ఆవిడ ఓర్చుకోలేకపోయింది. చేతిలోని సంచి అక్కడ పడేసి వచ్చి, నన్ను ఒక్క తోపు తోసి, పెట్టె పిడి పట్టుకుంది. ఆ మొహం చూడాలి! పెళ్ళికి ముందు చొక్కా గుడ్డ ముందు పెట్టిన మొహమే.

"ఎంత బాగుందో అక్కా!"

వదిన తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరగలేదు. "వదిలెయ్యవే చిన్నీ. ఆ చక్రాలు చూశావా? మన వీధి రాళ్ళ మీద నాలుగు గజాలు కూడా దొర్లవు."

"రంగు చూడక్కా."

"రంగు కొరుక్కుతింటావా? పద."

"నేను రాను. నాకిదే కావాలి."

"అయితే నువ్వుండు, నేను పోతున్నా!" అంటూ నిజంగానే బయటికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆటలో నీళ్ళు కూడా ఉంటాయని నాకు గుర్తులేదు.

కొట్టువాడికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ లేచి, వీధిలోకి పరుగెత్తి, వదినను చెయ్యి ఊపి వెనక్కి పిలుచుకొచ్చాడు. బోర్డు చూపించి ధర తగ్గించలేనని సైగ చేసి, పైఅర మీది నుంచి ఒక చిన్న పెట్టె తీసి, ఉచితమన్నట్టు నీలం పెట్టెలో పెట్టాడు. ఇద్దరూ ఒకేసారి తల ఊపారు. ఒకేలా.

బయటికి వచ్చాక, ఆ చిన్న పెట్టె పిడి పట్టుకుని "ఈ పెట్టెలో గాజు బొమ్మలు పెడదాం" అంటోంది వదిన. "బొమ్మలు కాదు, మందులు. విమానంలో చేతికి అందాలి" అంటోంది మా ఆవిడ. పోట్లాడుకుంటూ ముందు నడిచారు. మాట్లాడుకుంటున్నామని ఇద్దరికీ తెలిసినట్టు లేదు. తెలిసి, తెలియనట్టు ఉన్నారేమో. నేనూ అమ్మాయీ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూస్తే నవ్వొస్తుంది, నవ్వితే చెడిపోతుంది.

పెద్ద పెట్టె నేను లాక్కొచ్చాను. చక్రాలు బాగానే దొర్లాయి.

శుక్రవారం

నాతో ఎవరికీ పని లేదు. హాయిగా ఉంది.

ఫలహారం దగ్గర ఒక ఇబ్బంది వచ్చింది.

"పోయినేడు నాకు జ్వరమొస్తే, కషాయం కావాలా అని అడిగించావు చూడు. అప్పుడే నా కోపం సగం పోయింది" అంది వదిన.

"నేనా? నేనెప్పుడడిగాను?"

"మరిదిగారు వచ్చి చెప్పారుగా."

"నేనన్నది, ఊళ్ళో ఉన్న రోగాలన్నీ ఆవిడకే వస్తాయని! మరి నువ్వు, నా చేమంతులు బాగా పూశాయన్నావటగా?"

"నీ చేమంతుల కుండీలు నా దారికి అడ్డమన్నాను."

ఇద్దరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. నేను రొట్టె మీద వెన్న సమంగా పరుస్తున్నాను. అంచుల దాకా పరిచాను. అప్పటికీ చూస్తూనే ఉన్నారు. కాఫీ పట్టుకొస్తానని లేచాను. నా కప్పులో కాఫీ నిండుగా ఉంది.

మధ్యాహ్నం బొమ్మల ప్రదర్శనశాల. వాళ్ళు ముగ్గురూ ముందు, నేను వెనక. ఒక గంటపాటు నాతో మాట్లాడింది అక్కడి కాపలాదారు ఒక్కడే, గీత దాటొద్దని. హాయిగా ఉంది.

శనివారం

ఆఖరి రోజు. పాత వంతెన దగ్గరికి వెళ్ళాం.

ఎండ బాగా కాసింది. అమ్మాయి ఫోను తీసి ఒక ఐస్‌క్రీం బండి ఆవిడ చేతికిచ్చింది. వదిన "రావే చిన్నీ" అని మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి లాగింది. అమ్మాయి ఇద్దరి మధ్యలో దూరింది. ఎవరిదో గోధుమరంగు కుక్క వచ్చి వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుంది. దాన్ని ఎవరూ పిలవలేదు. అదే వచ్చింది. ముగ్గురూ దాన్ని చూసి నవ్వుతుంటే ఐస్‌క్రీం ఆవిడ నొక్కింది. చాలా బాగా వచ్చిందట.

నేను పక్కనే ఉన్నాను. రెండు చేతులా సంచులు. ఒకడుగు వేస్తే ఫోటోలో పడేవాణ్ణి. పిలుస్తారేమోనని ఆగానని కాదు. సంచులు బరువుగా ఉన్నాయి.

అమ్మాయి అనుకున్నది జరిగింది. వంతెన అంతా నడుచుకుంటూ నాకు ఫోటో మూడుసార్లు చూపించింది. బాగుందన్నాను, మూడుసార్లూ.

కుక్క కూడా ఉంది అందులో.

ఆ పెళ్ళినాడు వంటల దగ్గర మా ఆవిడ చేతుల్లో కూడా ఏవో ఉండే ఉంటాయి. దింపడానికి చోటు లేక నిలబడి ఉంటుంది. ఎందుకో ఇవాళే తోచింది.

సాయంత్రం ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని గాజు బొమ్మలకు కాగితాలు చుడుతున్నారు. "ఆ బీరువా ఎలా దింపిస్తావే?" అని మా ఆవిడ అడిగింది. "దింపను. నీకిచ్చి పోతా" అంది వదిన. మా ఆవిడ చుట్టిన బొమ్మకే మళ్ళీ కాగితం చుట్టింది.

హాయిగానే ఉంది.

ఆదివారం, విమానంలో

వెళ్ళేటప్పుడు వదినకు ఎంత దూరంలో వీలైతే అంత దూరంలో సీటు అడిగింది మా ఆవిడ. ఇప్పుడు నా సీటు వదినకిప్పించి నన్ను వెనక వరసలోకి పంపారు. నాకు ఇటు ఒక లావుపాటాయన, అటు నిద్రపోతున్న ఇంకొకాయన. అమ్మాయి నడవా అవతల చెవుల్లో పాటలు పెట్టుకుంది.

ముందు సీట్ల సందులోంచి అంతా వినిపిస్తోంది. ఫోటోలు చూస్తున్నారు.

"అవునే చిన్నీ, ఇందులో మరిదిగారేరి?"

"తీసింది ఆయనేగా."

అలా అనుకున్నా నష్టం లేదు.

"కాదే, తీసింది ఆ ఐస్‌క్రీం ఆవిడ. కప్పు నా చేతిలో పెట్టి మరీ తీసింది. ఉండు, దీన్ని పెద్దది చెయ్యి. ఈ అంచున ఏంటవి?"

"వేళ్ళు."

"ఎవరివి?"

"ఆ సంచి మనదే అక్కా!"

సీటు మీదుగా మా ఆవిడ తల పైకి లేచింది. పక్కనే వదిన తల. అమ్మాయి చెవుల్లోంచి పాటలు తీసేసింది.

"ఏమండీ, మీరు అక్కడే ఉన్నారా?"

"ఉన్నాను."

"మరి ఫోటోలోకి రాలేదేం?"

సంచులు బరువుగా ఉన్నాయని చెప్పబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"పిలవలేదు."

అనగానే తెలిసింది ఏమన్నానో. ఇన్నేళ్ళూ అందరి మాటలూ పల్చన చేసి మోసినవాణ్ణి, నా మాట దగ్గరికి వచ్చేసరికి చుక్క నూనె కలపలేకపోయాను. అందులోనూ ఆ మాట, ఆ ఇద్దరి ముందు. వదిన మొహంలో నవ్వు పోయింది. అమ్మాయి నా వైపు చూసిన చూపు చెప్పలేను. వారం రోజుల కష్టం.

మా ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చింది.

"పిలవకపోతే రాకూడదా?" అంది. "పరాయివాళ్ళా మీరు?"

అనేసి, ఆగిపోయింది. నోటి మీద చెయ్యి వేసుకుని మెల్లగా అక్క వైపు తిరిగింది. వదిన కూడా చెల్లెలి వైపు తిరిగింది.

ముందు వదిన భుజాలు కదిలాయి. "అడగవే," అంది, మాట నవ్వులో మునిగిపోతుంటే, "ఇంకా గట్టిగా అడుగు!"

మా ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో సీటు సందులోంచి తెలియలేదు. విమానం అమ్మాయి మంచినీళ్ళు కావాలా అని పరుగున వచ్చింది. నా పక్కన నిద్రపోతున్నాయన లేచి కూర్చున్నాడు.

"కుక్కకున్న చొరవ లేదే నీ మొగుడికి!" అంది వదిన.

"మొదటినుంచీ అంతే అక్కా. పెళ్ళిపీటల మీదికి కూడా రెండుసార్లు పిలిస్తే గానీ రాలేదు."

"సంచులు కింద పెట్టొచ్చుగా మనిషి!"

"పెట్టరు. ఎవరైనా ఎత్తుకుపోతారని భయం."

అక్కడి నుంచి ఇద్దరూ అందుకున్నారు. ఒకరు ఆపితే ఇంకొకరు. అమ్మాయి మధ్యమధ్యలో నిప్పు ఎగదోస్తోంది. మా ఊరి దీపాలు కనిపిస్తున్నాయని కెప్టెన్ చెప్పినా ఎవరూ కిటికీ వైపు చూడలేదు.

తిట్లన్నీ పల్చన చెయ్యకుండా, చిక్కగా ఉన్నవి ఉన్నట్టే రాసుకుందామని కూర్చున్నాను. పేజీ అయిపోయింది.